ప్రస్తావన నుండి కథకు

రెండు వారములకొకసారి, కొన్నిచోట్ల నెలకొకసారి, హైదరాబాదున మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతములలోని సాఫ్ట్‌వేర్ కార్యాలయములందును, అక్కడివారితో కలిసి పనిచేయు అమెరికా నగరముల కార్యాలయములందును ఒక చిన్న సభ జరుగును. అంతవరకు ఒక్క పనిమీద నున్న ఏడెనిమిది మంది, ముందు చేయవలసినదానిని కొంతసేపు ప్రక్కకు నెట్టి, గడచిన దినములను వెనుదిరిగి చూచుకొందురు. ఆ వృత్తిలోనివారు దానిని రెట్రోస్పెక్టివ్ అనియు, చనువుగా రెట్రో అనియు పిలుచుచున్నారు. ఏది చక్కగా సాగినది, ఏది చెడినది, ఎందువలన చెడినది, ఇకమీదట ఏమి మార్చుకొందము అను ప్రశ్నలే ఆ సభకు ప్రాణము. ఈ ప్రశ్నలను అడుగుట కష్టము గాదు. కాని, తన తప్పును గాని తోటివాని తప్పును గాని పదిమంది వినుచుండగా, అందును జీతమును నిర్ణయించు అధికారి యొక మూల కూర్చుండి వినుచుండగా, ఉన్నదున్నట్లు పలుకుటకు మనుష్యునకు ధైర్యము చాలదు. ఆ ధైర్యమును కల్పించుటకై సభాదియందు ఒక ప్రారంభఘట్టము ఏర్పడినది. ఆ ప్రారంభము నుండి అసలు విచారణలోనికి బృందమును తొట్రుపాటు లేక కొనిపోవుట యెట్లు అను ప్రశ్నకు ఎనుబది సంవత్సరములుగా వేరువేరు రంగములవారు వేరువేరు సమాధానములు చెప్పుచు వచ్చిరి. ఈ ఆచారముయొక్క చరిత్రమంతయు ఆ సంధిస్థలమునుండి చూచినపుడే స్పష్టముగా గోచరించునని నా విశ్వాసము.

ఈ సభకు పూర్వరూపములలో నొకటి యుద్ధభూమిలో కనిపించును. 1943 నవంబరులో అమెరికా సైన్యము పసిఫిక్ మహాసముద్రమునందలి గిల్బర్టు దీవులలో నొకటియగు మేకిన్‌పై దిగినప్పుడు, చరిత్రరచనకై సైన్యము వెంట వెళ్లిన ఎస్. ఎల్. ఎ. మార్షల్ అను పాత్రికేయుడు, ఒకే రాత్రి జరిగిన పోరాటమును గూర్చి అందు పాల్గొన్నవారే పొంతన లేని కథలు చెప్పుచుండుట గమనించెను. చీకటిలో ఒక్కొక్కడు చూచినది నాలుగు గజముల మేర మాత్రమే. ఆ నాలుగు గజములకు ఆవల జరిగినదంతయు ఊహ. ఒక్కొక్కరిని విడిగా ప్రశ్నించిన కొలది చిక్కు మరింత బిగిసెనే గాని విడలేదు. అంతట అతడు బ్రతికియున్నవారినందరిని ఒక్కచోట చేర్చి, జరిగినదానిని జరిగిన క్రమముననే అందరి నోటను చెప్పించెను. ఇచ్చట హోదాకు విలువ లేదనియు, తన కంటితో చూచిన విషయమున సామాన్యసైనికుడు సేనానాయకుని మాటను ఖండింపవచ్చుననియు సభాదియందే విదితము చేయుట అతని పద్ధతి. ఒకడు చెప్పగా వేరొకనికి జ్ఞాపకము వచ్చుచు, వాని మాటతో మూడవవాని సందేహము తీరుచు, ఆ రాత్రియొక్క సమగ్రస్వరూపము క్రమముగా వెలువడెను.

మార్షల్ రచనలలో అన్నియు విశ్వసనీయములు గావు. యుద్ధమున తుపాకి పేల్చిన సైనికులు నాలుగవ వంతునకు మించరని 1947లో తాను ప్రకటించిన గ్రంథమున అతడు చెప్పిన లెక్కకు ఆధారము లేదని 1980లలో చరిత్రకారులు తీవ్రముగా ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. అయినను, అందరును కూడి కాలక్రమమున జ్ఞప్తికి దెచ్చుకొనుట అను పద్ధతి ఆ లెక్కతోపాటు కొట్టుకొనిపోలేదు. ఆ పద్ధతిలో నాకు ముఖ్యముగా తోచునది అతని తొలి ఘట్టమునకును మలి ఘట్టమునకును గల బిగువు. హోదాను ప్రక్కన బెట్టుడని చెప్పిన మాట కేవలము మర్యాదవాక్యమైనచో మరుక్షణమే మరుగున పడియుండును. కాని వెంటనే అడుగబడు ప్రశ్న ‘ఎవరి తప్పు’ అని గాక ‘మొదట ఏమి జరిగినది, నీవప్పుడెక్కడ నుంటివి’ అను జాతికి చెందినది గనుక, సైనికుడు నోరు తెరచిన తక్షణమే ఆ వాగ్దానము సత్యమని రుజువగుచుండెను.

యుద్ధము ముగిసిన మరుసటి యేడు, 1946 వేసవిలో, కనెక్టికట్ రాష్ట్రమునందలి న్యూ బ్రిటన్ పట్టణమున, జాతివివక్షను తగ్గించుటకు పాటుపడు కార్యకర్తలకొక శిక్షణశిబిరము నడచెను. నాజీల విజృంభణము వలన జర్మనీని విడిచి వచ్చిన మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు కర్ట్ లెవిన్ దానికి మార్గదర్శి. పగలు కార్యకర్తలు బృందములుగా చర్చించుచుండగా, రాత్రివేళ పరిశీలకులు తాము గమనించినది తమలో తాము ముచ్చటించుకొనుట అచటి యేర్పాటు. ఒకనాటి రాత్రి పాల్గొన్నవారిలో కొందరు తామును వచ్చి విందుమనిరి, లెవిన్ సమ్మతించెను. తమ నడవడిని గూర్చి పరులు చెప్పుచుండగా విన్న ఆ కార్యకర్తలు, ‘అది అట్లు కాదు, నా యభిప్రాయమిది’ అని ఎదురుపలుకుటతో చర్చ రసవత్తరమై, దినదినము శ్రోతలు పెరిగిరి. మరుసటి వేసవిలో మెయిన్ రాష్ట్రమునందలి బెథెల్‌లో ఆ పద్ధతికి స్థిరమైన నెలవేర్పడెను గాని, దానిని చూచుటకు లెవిన్ లేడు. 1947 ఫిబ్రవరిలో మరణించెను. అదే సంవత్సరము అచ్చుపడిన అతని వ్యాసమున, మానవసమూహముల మార్పునకు మూడు మెట్లు చెప్పబడినవి: గడ్డకట్టిన అలవాటును కరిగించుట, కొత్త స్థితికి కదల్చుట, అచ్చట మరల గట్టిపరచుట. రెట్రో సభయొక్క ప్రారంభఘట్టమునకు శాస్త్రబలము ఇచ్చటనే లభించినది. కరిగించుటయు కదల్చుటయు ఒకదాని వెంట నొకటి విరామము లేక రావలెననియు, మొదటిది చేసి రెండవది మరచినచో పాత యలవాటే మరల పేరుకొనుననియు ఆ మూడు మెట్ల వరుసయే తెలుపుచున్నది.

ఆ కాలముననే, యుద్ధమున సైన్యమునకు మతాచార్యుడుగా పనిచేసి వచ్చిన జోసెఫ్ మాథ్యూస్ అను వేదాంతశాస్త్రాధ్యాపకుడు సంభాషణకొక క్రమమును అల్లుటకు పూనుకొనెను. ఒక చిత్రపటమును గాని కవితను గాని నడుమ నుంచి, అందు మీ కంటికి కనబడినదేమి, మీకు చెవిని బడినదేమి అని మొదట అడుగుట. దానిని చూచి మీకేమనిపించెనని పిమ్మట అడుగుట. ఆపైన దాని భావమేమని, తుదకు దానివలన మనము చేయదగినదేమని అడుగుట అతని విధానము. అతడును అతని అనుయాయులును కలిసి స్థాపించిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కల్చరల్ అఫైర్స్ వారు దీనిని పల్లెల అభివృద్ధికార్యములందును, సంస్థల సమావేశములందును వాడి పదును పెట్టిరి. 1997లో బ్రయన్ స్టాన్‌ఫీల్డ్ దీనిపై ఒక చేతిపుస్తకమును వెలువరించెను. చూపు, అనుభూతి, అర్థము, నిర్ణయము అను ఈ నాలుగింటిలో ఏ ప్రశ్నయు ఆకాశమునుండి ఊడిపడదు. మొదటి ప్రశ్నకు వచ్చిన సమాధానములే రెండవ ప్రశ్నకు ముడిసరుకు. మొదటి ప్రశ్న అందరును జవాబు చెప్పగలంత తేలికగా నుండుట వలన బిడియస్థుడు సైతము ఒకమారు నోరు విప్పును. ఒకమారు విప్పినవాడు రెండవమారు అంతగా జంకడు.

మార్షల్ నాటిన బీజము సైన్యముననే మొలకెత్తి మానైనది 1980లలో. కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారియందు ఫోర్ట్ అర్విన్ అను చోట నేషనల్ ట్రెయినింగ్ సెంటర్‌ను నెలకొల్పి, సోవియట్ సేన పద్ధతులనభ్యసించిన ప్రతిపక్షదళమునొకదానిని అచ్చట స్థిరముగా నిలిపి, తుపాకులకు లేజరు పరికరములు బిగించి, వచ్చిన ప్రతి దళముచేతను కృత్రిమయుద్ధము చేయించిరి. యుద్ధము ముగిసినంతనే ఎడారి యిసుకలోనే కూర్చుండి జరుపు సమీక్షకు ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ అని పేరు. 1993లో సైన్యము ప్రకటించిన మార్గదర్శిని దాని క్రమమును వివరించినది: మొదట నియమములు చెప్పవలెను, పిమ్మట ఏ లక్ష్యములతో ఈ శిక్షణ జరిగినదో చెప్పవలెను, ఆపైన నాయకుడు తానేమి సంకల్పించెనో చెప్పవలెను, అటుపిమ్మట ప్రతిపక్షనాయకుడు తన సంకల్పమును చెప్పవలెను, అప్పుడు గాని నిజముగా జరిగినదేమను ప్రశ్న పుట్టరాదు. ఈ క్రమమును ఎవరు కూర్చిరో గాని, సంధి రహస్యము వారికి చక్కగా తెలియును. ప్రారంభమున నాయకుడు తన నోట పలికిన సంకల్పమే తరువాతి ఘట్టమున కొలబద్దయై నిలుచును. జరిగినదానిని ఆ సంకల్పము ప్రక్కన బెట్టి చూచినంతనే నడుమనున్న యంతరము తనంత తానే కనబడును. ఆ యంతరమును చూపుటకు ఒకరినొకరు వ్రేలెత్తి చూపవలసిన యవసరము లేకపోయెను.

సాఫ్ట్‌వేర్ వృత్తిలోనికి ఈ విద్య ఆలస్యముగా వచ్చినది. అచ్చట చిరకాలము నుండినది పోస్ట్‌మార్టమ్ అను సమీక్ష. పని చెడిన పిమ్మట, చాలసార్లు పనిచేసినవారు చెల్లాచెదరైన పిమ్మట, ఎవరో ఒకరు నివేదికను వ్రాయుదురు. అది బీరువాలో చేరును. 1996లో బానీ కాలియర్, టామ్ డిమార్కో, పీటర్ ఫియరీ అను మువ్వురు ఒక వృత్తిపత్రికలో ప్రకటించిన వ్యాసమున ఈ సమీక్షకొక క్రమబద్ధమైన రూపమునిచ్చుటకు యత్నించిరి. ముందుగా అందరికిని ప్రశ్నాపత్రము పంపుట, పనికి సంబంధించిన లెక్కలు సేకరించుట, అందరి మాటలు వినుటకొక సమావేశము, ఆపైన పని చరిత్రను తిరుగదోడుటకొక దినము, తుదకు ఫలితములను ప్రకటించుట అనునవి అందలి మెట్లు. సభ మొదలగుటకు పూర్వమే ప్రారంభము జరిగిపోవలెనను భావము అందున్నది. ప్రశ్నాపత్రమునకు ఒంటరిగా కూర్చుండి జవాబు వ్రాసినవాడు సభకు రిక్తహస్తుడై రాడు.

కాని ఈ కళకు ఆత్మను నింపినది వేరొక పాయ. వర్జీనియా సటీర్ కుటుంబకలహములను చక్కదిద్దుటలో ప్రసిద్ధి వహించిన చికిత్సకురాలు. ఇంటిల్లిపాదిని ఒక్కచోట కూర్చుండబెట్టి, మొదట ఒకరినొకరు మెచ్చుకొనుట, పిమ్మట కొత్త విషయములు చెప్పుకొనుట, పిమ్మట తెలియనివాటిని అడుగుట, అటుపిమ్మటనే ఫిర్యాదులు, వాటి వెంట సూచనలు, తుదకు ఆశలు అను వరుసను ఆమె నేర్పెను. మెప్పునకు ముందు ఫిర్యాదు రాకుండుటలోనే ఆమె నేర్పంతయు గలదు. జెరాల్డ్ వైన్‌బర్గ్ అను కంప్యూటరు రచయిత ఆమె భావములను సాఫ్ట్‌వేర్ లోకమునకు తెచ్చెను. అతని ప్రభావమున పెరిగినవారిలో నార్మన్ కెర్త్ ఒకడు. కెర్త్ 2001లో ‘ప్రాజెక్ట్ రెట్రోస్పెక్టివ్స్’ అను గ్రంథమును ప్రకటించెను. నేడు మనము వాడుచున్న పేరును స్థిరపరచినది ఆ గ్రంథమే.

కెర్త్ పద్ధతిలో సభ మూడు దినములు. కార్యాలయమునకు దూరముగా, ఫోనులు మ్రోగని చోట, బృందమంతయు కూడవలెను. సిద్ధపడుట, గతము, భవిష్యత్తు అని మూడు భాగములు. ఏమి బయటపడినను, ఆనాడు తమకు తెలిసినంతలో, తమ శక్తికొలది, చేతనున్న సాధనములతో ప్రతివారును చేయగలిగినంత చేసిరని నమ్ముచున్నామని అందరును అంగీకరించి సభను ఆరంభింపవలెనని అతడు విధించెను. ఈ నియమమే తరువాత లోకమున ప్రైమ్ డైరెక్టివ్ అను పేర ప్రఖ్యాతమైనది. నేడు అనేకులు దీనిని ప్రార్థనాశ్లోకము వలె చదివి ముందునకు సాగిపోవుచున్నారు. కెర్త్ మాత్రము చదివి ఊరకొనలేదు. చీటీలపై ఒకటి మొదలు ఐదు వరకు రహస్యముగా అంకెలు వేయుమనెను. ఐదనగా ఏ సంగతియైనను మాటలాడగలనని. ఒకటనగా చిరునవ్వు నవ్వి అంతయు బాగున్నదని అధికారుల మాటకు తల యూపెదనని. చీటీలు విప్పి లెక్క అందరికిని చూపవలెను. అంకెలు తక్కువైనచో ముందడుగు వేయరాదు. ఏ నియమములున్నచో మీకు ధైర్యము కలుగునని అడిగి, ఆ నియమములను బృందముచేతనే ఏర్పరచి, అవసరమైనచో అధికారులు లేని సభను విడిగా జరిపి, మరల చీటీలు వేయింపవలెను. ఈ ఆచారముయొక్క చరిత్రలో ఇంతటి గొప్ప కల్పన మరియొకటి లేదని నేను తలంచుచున్నాను. ప్రారంభఘట్టమునకు ఒక ఫలితముండవలెననియు, ఆ ఫలితమును బట్టి తరువాతి ఘట్టము మారవలెననియు ఆచరణలో చూపినవాడు కెర్త్.

అతని రెండవ సంధి ఇంకను మనోహరము. సభకు వచ్చునపుడు ఆ పనికి సంబంధించిన వస్తువులను వెంటబెట్టుకొని రమ్మని అతడు ముందుగానే కోరును: పాత పథకముల కాగితములు, అర్ధరాత్రి పంపిన ఉత్తరములు, గోడ నుండి ఊడదీసిన పటములు, ఎవరో వేళాకోళమునకు గీసిన బొమ్మలు. ఎవరు ఎక్కువ తెచ్చిరి, ఎవరు వింతయైనది తెచ్చిరి అని మొదట ఒక చిన్న పోటీ. నవ్వులతో ఆ పోటీ ముగియునప్పటికి బల్లపైన ఏడాది బ్రతుకంతయు పరచబడి యుండును. పిమ్మట గోడపొడవునను కాగితము నంటించి, మాసములు గుర్తించి, ఎవరికి తోచిన సంఘటనలను వారు చీటీలపై వ్రాసి అంటించి కాలరేఖను నిర్మింతురు. బల్లమీది వస్తువులు ఆ రేఖకు సాక్షులు. ఆటగా తెచ్చినదే ఆధారమై, నవ్వు నవ్వుచునే బృందము తన గతములోనికి ప్రవేశించును. ఎచ్చట ప్రారంభము ముగిసెనో, ఎచ్చట విచారణ మొదలయ్యెనో ఎవరును వ్రేలు పెట్టి చూపజాలరు.

కెర్త్ గ్రంథము వెలువడిన 2001లోనే, ఫిబ్రవరి 11 నుండి 13 వరకు, యూటా రాష్ట్రపు మంచుకొండలలోని స్నోబర్డ్ విడిదిలో పదునేడుగురు సాఫ్ట్‌వేర్ నిపుణులు కూడి ఎజైల్ అను పనివిధానపు ప్రకటనను వ్రాసిరి. బృందము నియతకాలమున తన నడతను తానే తలపోసికొని దిద్దుకొనవలెనను భావము దాని పండ్రెండు సూత్రములలో చివరిది. అందు పాల్గొన్న అలిస్టర్ కాక్‌బర్న్, నిలుపుకొనవలసినవి, చిక్కులు, ప్రయత్నింపవలసినవి అను మూడు గళ్ల కాగితముతో ఒక గంటలో ముగియు సభను ప్రచారము చేసెను. కెన్ ష్వేబర్ స్క్రమ్ అను ఎజైల్ పద్ధతిపై 2004లో ప్రకటించిన గ్రంథమున రెండే ప్రశ్నలు: బాగుగా జరిగినదేమి, మెరుగుపరుపదగినదేమి. ఏడాది కొకమారు మూడు దినములు జరిగిన సభ పక్షమున కొకమారు ఒక గంట జరుగు సభయైనది. తరచుదనము వలన కలిగిన లాభము గొప్పది. తప్పు జరిగిన పది దినములకే దానిని దిద్దుకొనుట ఏడాది ఆగుటకన్న ఎంతయో మేలు. కాని ఈ సంక్షేపమున మొట్టమొదట కోతపడినది ప్రారంభఘట్టము. అది మిగిలినచోట్లను దానినుండి ముందునకు పోవు వంతెన మిగులలేదు. ‘అందరును వచ్చిరా, సరే, బాగుగా జరిగినదేమి’ అని అడుగుటతో సభ నేరుగా మధ్యమున పడెను. ధైర్యవంతులైన యిద్దరు ముగ్గురు మాటలాడిరి. తక్కినవారు గడియారము చూచిరి.

ఈ లోపమును సవరించుటకే ఎస్తర్ డర్బీ, డయానా లార్సెన్ అను విదుషీమణులు 2006లో ‘ఎజైల్ రెట్రోస్పెక్టివ్స్’ వ్రాసిరి. గంట రెండు గంటల సభకును ఐదు ఘట్టములుండవలెనని వారు నిరూపించిరి: రంగమును సిద్ధపరచుట, సమాచారము కూర్చుట, అంతరార్థము గ్రహించుట, చేయవలసినది నిర్ణయించుట, ముగించుట. ఈ ఐదింటిని నేడు ఎజైల్ చదివిన ప్రతివారును వల్లింపగలరు. కాని వారి కాలవిభజనమును శ్రద్ధగా చదివినవారు తక్కువ. 120 నిమిషముల సభలో మొదటిదానికి 6 నిమిషములు, రెండవదానికి 40, మూడవదానికి 25, నాలుగవదానికి 20, ముగింపునకు 12 అని పంచిరి. కూడి చూడగా 103. మిగిలిన 17 నిమిషములను వారు ఏ ఘట్టమునకును ఇయ్యలేదు. ఒక ఘట్టము నుండి మరియొక ఘట్టమునకు మారుటకని విడిచిరి. కుర్చీలు జరుపుకొనుటకు, గోడ దగ్గరకు నడచుటకు, వ్రాసినదానిని ఒకమారు మౌనముగా చదువుకొనుటకు, మనస్సును ఒక విషయము నుండి మరియొకదానికి త్రిప్పుకొనుటకు సభలో ఏడవవంతు కాలము! ప్రారంభమునకు 6 నిమిషములే చాలునన్నవారు సంధులకు దాదాపు దానికి మూడింతలిచ్చిరి. ఆ గ్రంథములో నేను మిక్కిలి గౌరవించునది ఈ 17 నిమిషములే.

ఆ 6 నిమిషములలో చేయదగిన పనులను గూర్చి వారు చెప్పినవానిలో ఒకదానిని ఇచ్చట వివరించుట మంచిది. సభకు మీరు ఎట్టివారుగా వచ్చితిరని అడుగుదురు: అంతయు శోధింపగోరు అన్వేషకులుగానా, ఏదో ఒకటి దొరికినచో చాలునను కొనుగోలుదారులుగానా, పని తప్పినదని సంతోషించు విహారయాత్రికులుగానా, బలవంతమున తెచ్చి కూర్చుండబెట్టిన బందీలుగానా? పేరు వ్రాయక చీటీలు వేయుదురు. నిర్వాహకుడు లెక్క గట్టి గోడపై వ్రాసి, వ్రాతను బట్టి ఎవరును గుర్తుపట్టకుండ చీటీలను అందరి ఎదుటనే చించివేయును. పిమ్మట అడుగును: ఈ లెక్కను చూచి మీకేమి తోచుచున్నది? ఈ చిన్న క్రీడలో పెద్ద సభయంతయు సూక్ష్మరూపమున నున్నది. సమాచారము కూర్చుట, దాని యర్థమును కలిసి యూహించుట, రహస్యము కాపాడబడునను నమ్మకము, మూడును ఆరు నిమిషములలో ఒకమారు ఆచరింపబడినవి. తరువాత గోడపై సంఘటనల చీటీలు అంటింపుడని చెప్పినప్పుడు బృందమునకు అది తెలిసిన బాటయే. దీనికి భిన్నముగా, మీరు జంతువైనచో ఏ జంతువగుదురని అడిగి, అందరును నవ్విన పిమ్మట, ఆ నవ్వును అచ్చటనే విడిచి, ‘ఇక పనిలోనికి పోదము’ అను ప్రారంభముతో వచ్చు చిక్కు ఏమనగా, ఆ ఒక్క మాటతో అంతవరకు జరిగినది పని కాదని నిర్వాహకుడే ఒప్పుకొనుచున్నాడు.

ఈ సంధి యెట్లుండవలెనో మన నాటకకర్తలకు క్షుణ్ణముగా తెలియును. అభిజ్ఞానశాకుంతలమున నాంది ముగిసిన పిమ్మట సూత్రధారుడు నటిచేత గ్రీష్మమును గూర్చి పాట పాడించును. ఆ గానమునకు రంగస్థలమంతయు చిత్తరువైపోవును. సూత్రధారుడు సైతము తానేమి ప్రదర్శింపదలచెనో మరచి, ఏ నాటకమాడుదమని నటినే అడుగును. ఆమె జ్ఞాపకము చేయగా, వేగముగా పరుగిడు లేడి దుష్యంతుని ఈడ్చుకొనిపోయినట్లు నీ పాట నన్ను హరించినదని యనును. అంతటనే విల్లు ధరించిన రాజు లేడిని తరుముచు రథముపై ప్రవేశించును. పాట వృథా కాలేదు. పాటవలన కలిగిన పరవశత్వమే కథకు ద్వారమైనది, అంతేకాదు, మరపు అను మున్ముందు రానున్న ప్రధానవిషయము కూడ అచ్చట ఒకమారు తొంగి చూచినది. ఇట్టి ప్రవేశములను మన ఆలంకారికులు ప్రస్తావనాభేదములుగా విడదీసి పేర్లు పెట్టిరి. సూత్రధారుని మాటను గాని ఆ మాట భావమును గాని అందుకొని పాత్ర ప్రవేశించుట కథోద్ఘాతము. రెట్రో నడుపువారు ఈ యొక్కదానిని అభ్యసించినను చాలును: ప్రారంభమున ఒకరు పలికిన మాటనే అందుకొని రెండవ ఘట్టమును తెరచుట. ‘అలసట’ అని ముగ్గురు చెప్పియుండిరనుకొనుడు. ‘ఆ యలసట ఏ దినమున మొదలయ్యెనో కాలరేఖపై గుర్తింతము రండు’ అనిన చాలును, రథము వచ్చినట్లే.

గడచిన పదునైదు ఇరువది సంవత్సరములలో ఈ వృత్తికి ఆటవస్తువుల సంపద పెరిగినది. లూక్ హోమన్ 2006లో ప్రకటించిన ‘ఇన్నోవేషన్ గేమ్స్’ నుండి పడవ బొమ్మ వచ్చినది. గాలి, లంగరు, రాతిగుట్టలు గీసి చీటీలంటించుట నేడు దాదాపు అన్ని కార్యాలయములందును ఉన్నది. జర్మనీకి చెందిన కొరిన్నా బాల్డాఫ్ కూర్చిన రెట్రోమ్యాట్ అను వెబ్‌సైటు ఐదు ఘట్టములకును నూటికి పైగా క్రీడలను విభజించి చూపినది. ఇది నిజముగా ఉపకారమే. అయితే ఐదు పెట్టెలనుండి ఐదు క్రీడలు తీసి వరుసగా పేర్చుట సులభమైన కొలది, ఒకటవ దానికిని రెండవ దానికిని చుట్టరికమున్నదా అని చూచువారు తగ్గిరి. క్రీడలు ఒక్కొక్కటి చక్కనివే. వాటి నడుమ నుండవలసిన 17 నిమిషములు మాత్రము పట్టికలో ఎచ్చటను కనబడవు. ఇంకొక పొరపాటు, రెండవ ఘట్టమునుండి నేరుగా నాలుగవ దానికి దూకుట. చిక్కు గోడపై వ్రాసినంతనే ఎవరో ఒకరు పరిష్కారము చెప్పుదురు. అందరును హాయిగా ఊపిరి పీల్తురు. శామ్ కేనర్ 1996లో వెలువరించిన గ్రంథమున, అభిప్రాయములు విస్తరించు దశకును, ఒక్కచోటికి చేరు దశకును నడుమ మూలుగుల మండలమొకటి యుండునని చెప్పెను. అందరును విసుగుచెంది, ఒకరి మాట ఒకరికి బోధపడక, సభ వ్యర్థమైనదని అనుకొను ఆ ఘడియలు తప్పనిసరి యనియు, అవి నిర్వాహకుని యసమర్థతకు గుర్తు కావనియు అతని బోధ. ఆ మండలమును దాటు ఓపిక ప్రారంభఘట్టమున కుదిరిన నమ్మకమునుండి రావలసినదే.

మన ప్రాంతపు బృందములకు ఈ చరిత్రలో ప్రత్యేకముగా గ్రహింపవలసినది ఒకటున్నది. పెద్దలు కూర్చుండగా పిన్నలు ఎదురాడరాదని పెరిగిన ఇండ్లనుండి వచ్చిన యువతీయువకులు మన కార్యాలయములందు ఎక్కువ. టీమ్ లీడ్‌ను ‘అన్నా’ యని ఆప్యాయముగా పిలుచు బృందమందును, ఆ అన్న వేసిన పథకమే చెడినదని చెప్పుట ‘సార్’ అనబడువానితో చెప్పుటకన్న కష్టము. అచ్చట భయమునకు తోడు అభిమానము కూడ అడ్డుపడును. అట్టివారిని ‘నిర్మొగమాటముగా చెప్పుడు’ అని ఆదేశించుట వలన మొగమాటము పోదు. మేకిన్ దీవిలో హోదాను ప్రక్కన బెట్టించిన పద్ధతియు, కెర్త్ రహస్యపు చీటీలును మనకు పాశ్చాత్యుల కన్న ఎక్కువ అవసరము. లీడ్ మొదట మాటలాడక చివర మాటలాడుట, అందరును ముందు వ్రాసి పిమ్మట చదువుట, తొలి ప్రశ్నను తెలుగున అడుగుట అను చిన్న మార్పులతోనే మూగపోయిన సభలు పలుకనేర్చునని ఈ విద్యను శ్రద్ధతో నడుపు మన నిర్వాహకులు ఎరుగుదురు. ఇంగ్లీషున చక్కగా వాక్యము కూర్చుకొనులోపల చెప్పదలచిన నిజము సగము మెత్తబడును.

2020లో మహమ్మారి వచ్చి అందరిని ఇండ్లలో కూర్చుండబెట్టినప్పుడు ఈ సంధి మరింత సన్నబడెను. గదిలోనికి నడచివచ్చుట, కుర్చీ లాగుకొనుట, ప్రక్కవానిని పలుకరించుట అను సహజమైన ప్రారంభము లేదు. తెరపై చతురస్రములు వెలిగినంతనే సభ మొదలు. హైదరాబాదున రాత్రియగుచుండగా అమెరికాలో తెల్లవారుచుండును. ఒకరు దినమంతయు అలసి, ఒకరు కాఫీ త్రాగుచు, ఒకే సభలో నుందురు. ఐనను ఒక లాభము కలిగినది. పేరు తెలియకుండ అంకె వేయుట తెరపై క్షణకాలపు పని. చీటీలు కత్తిరించి, పోగుచేసి, చించివేయవలసిన యవసరము లేదు. డేవిడ్ హొరోవిట్జ్‌తో కలిసి డర్బీ, లార్సెన్‌లు 2024లో తమ గ్రంథమునకు రెండవ కూర్పును వెలువరించునప్పటికి ఇట్టి దూరసభలు ఈ వృత్తికి నిత్యకృత్యములైనవి.

నేడు ఈ పనిని నిపుణముగా చేయువారు సభాదియందు ఒకటి నుండి ఐదు వరకు అంకె వేయించి, ఫలితమును అందరికిని చూపి, ఒక నిమిషము మౌనముగా ఉందురు. నాలుగులు, ఐదులు ఎక్కువైనచో కాలరేఖను తెరచి, నోటిమాటగానే సంఘటనలను చెప్పింతురు. రెండులు, ఒకట్లు కనబడినచో, ముందు సిద్ధపరచుకొన్న పథకమును మూసివేసి, ఏ నియమమున్నచో ఆ అంకె ఒక మెట్టు పెరుగునని అడిగి, పైయధికారిని అరగంట సేపు సభను విడిచి వెళ్లుమని మర్యాదగా కోరి, రెండవ ఘట్టమును పేర్లు లేని వ్రాతగా జరుపుదురు. అధికారి తిరిగి వచ్చునప్పటికి గోడపై ఎవరి దస్తూరియు తెలియని నలువది చీటీలు కాలక్రమమున అమరియుండును, చర్చ వాటినుండి మొదలగును.